ఇంట్లోనే హల్లా: యూదుల శుక్రవారం రొట్టె, పిండి కలపడం నుంచి జడ అల్లి కాల్చేదాకా

నెట్‌లో హల్లా రెసిపీ కోసం వెతికితే పాలు, వెన్న వేసి చేసినవి బోలెడు కనిపిస్తాయి. రుచికి వాటిని వంక పెట్టలేం. కానీ యూదుల ఇళ్లలో శుక్రవారం రాత్రి బల్ల మీదికి వచ్చే రొట్టె అది కాదు. ఆ పూట భోజనంలో మామూలుగా మాంసం ఉంటుంది. మాంసాన్నీ పాల పదార్థాల్నీ కలిపి తినకూడదన్నది వాళ్ల ఆహార నియమం. అందుకే హల్లాలో పాలు, వెన్న, నెయ్యి, మీగడ ఏవీ పడవు. గుడ్లు, నూనె, నీళ్లు, కాస్త తీపి, అంతే. వెన్న వేస్తే అది ఫ్రెంచివాళ్ల వెన్న రొట్టె బ్రియోష్‌కి దగ్గరవుతుంది.

రెండో నియమం గడియారానికి సంబంధించింది. వాళ్ల విశ్రాంతి దినం సబ్బాతు శుక్రవారం సూర్యాస్తమయంతో మొదలై శనివారం చీకటి పడ్డాక ముగుస్తుంది. ఆ సమయంలో నిప్పు రాజేయకూడదు, వంట చేయకూడదు. ఆనవాయితీ ప్రకారం సూర్యాస్తమయానికి 18 నిమిషాల ముందే ఇంట్లో దీపాలు వెలిగిస్తారు. అంటే ఆలోపే రొట్టె ఓవెన్‌లోంచి బయటికి వచ్చి తీరాలి. పిండి ఎప్పుడు కలపాలి, ఈస్ట్ ఎంత వేయాలి, నీళ్లు చల్లగా ఉండాలా గోరువెచ్చగా ఉండాలా అన్నవన్నీ ఆ సాయంత్రం నుంచి వెనక్కి లెక్కపెట్టుకునేవే. ఈ పద్ధతిని నేను అలాగే రాస్తున్నాను. మీరు ఆదివారం పొద్దున చేసుకున్నా రొట్టె బాగానే వస్తుంది, కానీ ఈ లెక్క తెలిస్తే ఏ అడుగు ఎందుకో అర్థమవుతుంది.

రెండు రొట్టెలు, ఒక గుడ్డ, కొన్ని గింజలు

సబ్బాతు బల్ల మీద ఎప్పుడూ రెండు హల్లాలు పెడతారు. దీని మూలం బైబిల్లోని నిర్గమకాండం 16వ అధ్యాయంలో ఉంది. అరణ్యంలో యూదుల పూర్వీకులైన ఇశ్రాయేలీయులకు రోజూ ఆకాశం నుంచి మన్నా అనే ఆహారం కురిసేది, సబ్బాతు నాడు మాత్రం కురిసేది కాదు. అందుకని శుక్రవారం రెండింతలు దొరికేది. ఆ రెండింతలకు గుర్తే ఈ రెండు రొట్టెలు. పైన ఒక గుడ్డ కప్పుతారు. మన్నా మీదా కిందా మంచు పొర ఉండేదన్న సంప్రదాయాన్ని అది గుర్తు చేస్తుంది. ఇంకో వివరణ కూడా ఉంది, నాకు ఇదే ఎక్కువ ఇష్టం: మామూలుగా దీవెనల వరసలో రొట్టెది ముందు వంతు. శుక్రవారం రాత్రి మాత్రం ద్రాక్షారసానికి ముందు దీవెన చెబుతారు కాబట్టి, రొట్టె చిన్నబుచ్చుకోకుండా దాని ముఖం కప్పుతారట.

అదే అధ్యాయంలో మన్నా కొత్తిమీర గింజలా ఉండేదని, తేనె కలిపిన అప్పం రుచి ఉండేదని రాసి ఉంది. హల్లా మీద చల్లే నువ్వులు, గసగసాలకు చాలామంది చెప్పే కారణం ఆ గింజల పోలికే. ఇక ఆరు పాయల జడ సంగతి: ఒక్కో రొట్టెకు ఆరేసి చొప్పున రెండింటికీ కలిపి పన్నెండు పాయలు. లేవీయకాండం 24లో దేవుని సన్నిధిలో బల్ల మీద పెట్టమన్న పన్నెండు రొట్టెలకు దీన్ని ముడిపెడతారు. తెలుగు బైబిల్ చదివేవాళ్లకు అవి సన్నిధి రొట్టెలుగా పరిచయమే.

జడ హల్లా ప్రధానంగా అష్కెనజీలది, అంటే మధ్య, తూర్పు యూరప్ నేపథ్యం ఉన్న యూదులది. యెమెన్ యూదుల సబ్బాతు రొట్టె కుబానె అచ్చంగా వేరు. సబ్బాతుకు ముందే రాజేసిన సన్నటి సెగ మీద రాత్రంతా గిన్నెలో మగ్గుతుంది. మన దేశంలోని యూదుల వంటలూ ఎవరివి వాళ్లవే. కొచ్చిన్, ముంబై, కలకత్తాలతో పాటు తెలుగు మాట్లాడే యూదు సమాజం కూడా ఒకటుంది. గుంటూరు ప్రాంతంలో చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో ఉండే బెనె ఎఫ్రాయిమ్ వాళ్లది.

కావలసినవి (రెండు చిన్న రొట్టెలకు)

మైదా 500 గ్రాములు
ఇన్‌స్టంట్ ఈస్ట్ 7 గ్రాములు (వేసవిలో 4 నుంచి 5 గ్రాములు)
పంచదార 60 గ్రాములు
ఉప్పు 9 గ్రాములు
గుడ్లు 2, అదనంగా ఒక పచ్చసొన
వాసన లేని నూనె 70 గ్రాములు
నీళ్లు 150 మిల్లీలీటర్లు, ఇంకో 20 మిల్లీలీటర్లు పక్కన
పైపూతకు ఒక గుడ్డు, చిటికెడు ఉప్పు
చల్లడానికి నువ్వులు లేదా గసగసాలు

కప్పులతో కొలవకండి. మైదాను కప్పులోకి ఎలా నింపామన్నదాన్ని బట్టి బరువు బాగా మారిపోతుంది. చిన్న డిజిటల్ కాటా ఒకటి కొనుక్కుంటే ఈ టెన్షన్ ఉండదు.

మన మైదాతో ఒక చిక్కుంది. అమెరికా, యూరప్ రెసిపీల్లో చెప్పే బ్రెడ్ పిండిలో గ్లూటెన్ (పిండికి సాగే గుణమిచ్చే ప్రోటీన్) ఎక్కువ, నీళ్లు బాగా పీలుస్తుంది. మన దగ్గర మామూలు మైదా అంత పీల్చదు. అందుకే విదేశీ కొలతలు దించేస్తే పిండి జారిపోయి అల్లడానికి వీలుకాదు. పైన చెప్పిన నీళ్లు మన మైదాకి సరిపడేలా తగ్గించినవే. గ్లూటెన్ పొడి దొరికితే 10 గ్రాములు కలపండి. జడ గీతలు ఇంకా స్పష్టంగా నిలుస్తాయి. అది లేకపోయినా పని ఆగదు. గోధుమపిండి కలపాలనుకుంటే 100 గ్రాముల మైదా తీసి దాని బదులు వేయండి. అంతకు మించితే రొట్టె బరువెక్కుతుంది.

నూనె పొద్దుతిరుగుడుదైతే మంచిది. గానుగ వేరుశనగ నూనె వాసన రొట్టెనంతా ఆక్రమిస్తుంది. గుడ్లను ఒక్కొక్కటిగా గాజు గ్లాసులో పగలగొట్టి చూసి, తర్వాత పిండిలో వేయండి. యూదుల వంటగదిలో ఇది తప్పనిసరి, ఎందుకంటే రక్తపు చుక్క కనిపించిన గుడ్డును వాళ్లు వాడరు. మనకైనా పాడైన గుడ్డు ఒకటి మొత్తం పిండిని చెడగొట్టకుండా ఉంటుంది.

పంచదార బదులు తేనె వేయాలంటే అదే 60 గ్రాములు వేసి, నీళ్లు 10 మిల్లీలీటర్లు తగ్గించండి. తేనె వేసినది త్వరగా రంగు తిరుగుతుంది, గుర్తుంచుకోండి.

టైము లెక్క

హైదరాబాద్‌లో జూన్ నెలలో సూర్యాస్తమయం సుమారు 6:50కి, డిసెంబరు మొదట్లో 5:40 ప్రాంతంలో. 6:30కి దీపాలనుకుందాం. చల్లారడానికి గంట కావాలి కాబట్టి రొట్టె 5:15కల్లా బయటికి రావాలి. కాలడానికి అరగంట. దానికి ముందు రెండో పొంగు 45 నిమిషాలు, పాయలు చేసి అల్లడానికి మరో 45. మొదటి పొంగు గంటంపావు, పిండి కలిపి పిసకడానికి అరగంట. వెనక్కి లెక్కేస్తే మధ్యాహ్నం ఒకటిన్నరకి మొదలుపెట్టాలి. చలికాలంలో ఇంకో గంట ముందు.

ఉద్యోగం చేసేవాళ్లకి శుక్రవారం మధ్యాహ్నం ఖాళీ ఎక్కడిది? గురువారం రాత్రే 4 గ్రాముల ఈస్ట్‌తో పిండి కలిపి, అరగంట బయట ఉంచి, మూత పెట్టిన డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టేయండి. 8 నుంచి 16 గంటల దాకా ఏమీ కాదు. పైగా చల్లటి పిండి చేతికి అంటుకోదు, అల్లడం తేలిక, రుచి కూడా పెరుగుతుంది. నన్నడిగితే ఎండాకాలంలో ఇదే సరైన దారి. మధ్యాహ్నం నలభై డిగ్రీల వంటగదిలో మీరు పాయలు చేసేలోపే పిండి పొంగి మెత్తబడిపోతుంది.

పిండి కలపడం, పిసకడం

పెద్ద గిన్నెలో మైదా, ఈస్ట్, పంచదార వేసి చేత్తో ఒకసారి కలపండి. ఉప్పును నేరుగా ఈస్ట్ మీద పోయకుండా ఒక పక్కగా వేయండి. ఇంకో గిన్నెలో గుడ్లు, పచ్చసొన, నూనె, నీళ్లు కలిపి గిలక్కొట్టి పిండిలో పోయండి. వేసవిలో ఫ్రిజ్ నీళ్లు, చలికాలంలో వేలు పెడితే వేడీ చల్లనా తెలియనంత గోరువెచ్చటి నీళ్లు వాడాలి. వేడి నీళ్లు పోస్తే ఈస్ట్ చచ్చిపోతుంది.

పొడిపిండి కనిపించకుండా ముద్ద చేశాక, తడిగుడ్డ కప్పి పదిహేను నిమిషాలు వదిలేయండి. ఈలోగా మైదా నీళ్లు పీల్చుకుంటుంది, మీ పిసుకుడు సగం తగ్గుతుంది. తర్వాత ముద్దను నొక్కి చూడండి. చపాతీ పిండి కన్నా కాస్త మెత్తగా, వేలికి కొద్దిగా తగిలి వదిలేసేలా ఉండాలి. గట్టిగా ఉంటే పక్కన పెట్టిన నీళ్లు చెంచా చెంచాగా చల్లండి. జిగురుగా ఉందని మాత్రం వెంటనే పిండి చల్లకండి. నూనె, గుడ్డు ఉన్న పిండి మొదట అతుక్కుంటుంది, పిసికే కొద్దీ దారికొస్తుంది.

చేత్తో అయితే పది పన్నెండు నిమిషాలు పిసకాలి. అరచేతి మడమతో ముందుకు తోయడం, మడవడం, పావు వంతు తిప్పడం. స్టాండ్ మిక్సర్ ఉంటే తక్కువ వేగంలో ఏడెనిమిది నిమిషాలు చాలు. అయిందో లేదో తెలుసుకోవడానికి నిమ్మకాయంత ముద్ద తుంచి, రెండు చేతుల వేళ్లతో మెల్లగా నలువైపులా సాగదీసి కిటికీ వైపు పట్టుకోండి. చిరగకుండా వెలుతురు కనిపించేంత పలచటి పొర వస్తే సరిపోయినట్టు. పొర రాకముందే గరుకుగా తెగిపోతే ఇంకో రెండు మూడు నిమిషాలు పిసకండి.

నూనె రాసిన గిన్నెలో ముద్ద పెట్టి, మూత వేసి, రెండింతలు అయ్యేదాకా వదిలేయండి. వేసవిలో 45 నిమిషాలకే కావచ్చు, చలికాలంలో రెండు గంటలు పట్టొచ్చు. గడియారాన్ని కాదు, గిన్నెని చూడండి. పిండి పూసిన వేలిని ముద్దలో దించి తీస్తే గుంట పూడకుండా నిలవాలి.

పిండిలోంచి తీసి ఉంచే ముక్క

ఇక్కడ యూదుల ఇంట్లో ఒక ముఖ్యమైన పని జరుగుతుంది. సంఖ్యాకాండం 15వ అధ్యాయంలో, పిండి పిసికినప్పుడు మొదటి ముద్దను దేవునికి అర్పణగా తీసిపెట్టమని ఉంది. అది యాజకులకు, అంటే దేవాలయ పూజారులకు చెందేది. క్రీ.శ. 70లో యెరూషలేము దేవాలయం కూలిపోయాక ఆ వాటాను తినడం లేదు. చిన్న ముక్క తుంచి, దీవెన చెప్పి, ఫాయిల్‌లో చుట్టి మాడ్చేస్తారు. అసలు హల్లా అన్న పేరు ఆ ముక్కదే, తర్వాత రొట్టెకి వచ్చింది.

అన్ని పిండ్లకూ ఈ నియమం వర్తించదు. సుమారు 1.2 కిలోల పిండి దాటితే ముక్క తీస్తారు. దీవెన కూడా చెప్పాలంటే ఇంకా ఎక్కువ పిండి, దాదాపు 1.66 కిలోలు కావాలని చాలామంది పాటించే లెక్క. ఈ అంకెలు సంప్రదాయాన్ని బట్టి కాస్త మారుతుంటాయి. చాలా ఇళ్లలో ఒకేసారి పెద్ద మొత్తంలో కలిపి, కొన్ని రొట్టెలు ఫ్రీజర్‌లో పెట్టుకోవడానికి ఇదీ ఒక కారణం. మనం కలిపింది అర కిలోనే కాబట్టి వాళ్ల లెక్కలో కూడా ఇక్కడ తీయాల్సింది ఏమీ లేదు. యూదులు కానివాళ్లు ఆ తంతును ఊరికే అనుకరించక్కర్లేదు కూడా.

పాయలు చేయడం

రొట్టె అందమంతా ఇక్కడే ఉంది. అల్లిక కన్నా పాయల మీద ఎక్కువ శ్రద్ధ పెట్టండి. పాయలు సమానంగా ఉంటే మామూలు మూడు పాయల జడ కూడా కళ్లు తిప్పుకోనివ్వదు.

పొంగిన ముద్ద మొత్తం సుమారు 900 గ్రాములు తూగుతుంది. రెండు సగాలు చేయండి. ఒక సగాన్ని మూత కింద ఉంచి, రెండో దాన్ని మూడు పాయలకైతే 150 గ్రాముల చొప్పున, ఆరు పాయలకైతే 75 గ్రాముల చొప్పున కాటా మీద తూచి ముక్కలు చేయండి. కంటి అంచనా వద్దు. పది గ్రాముల తేడా కూడా కాలాక వంకరగా కనిపిస్తుంది.

ఒక ముక్క తీసుకుని చేత్తో అదిమి అరచేయంత పలచగా చేయండి. లోపలి గాలి బుడగలు పోవాలి. పైఅంచు నుంచి మీ వైపుకి బిగుతుగా చుట్టుకుంటూ వచ్చి, అతుకును వేళ్లతో నొక్కి మూసేయండి. పొట్టిగా, లావుగా ఒక కడ్డీ వస్తుంది. అన్ని ముక్కలూ ఇలా చేసి, గుడ్డ కప్పి పది నిమిషాలు వదిలేయండి. ఆ పది నిమిషాలు ఎగ్గొట్టాలని అనిపిస్తుంది, ఎగ్గొట్టకండి. గ్లూటెన్ సేదతీరకపోతే పాయను ఎంత సాగదీసినా వెనక్కి ముడుచుకుపోతుంది.

తర్వాత మొదట చుట్టిన కడ్డీతోనే మొదలుపెట్టండి. రెండు అరచేతులూ మధ్యలో పెట్టి, ముందుకీ వెనక్కీ దొర్లిస్తూ చేతుల్ని అంచుల వైపు జరపండి. నొక్కు మధ్యలో తేలిగ్గా, చివరల్లో కాస్త ఎక్కువగా ఉండాలి. ముప్పై సెంటీమీటర్ల పొడవు, మధ్యలో లావు, చివరలు సన్నం. గట్టు మీద పిండి చల్లకండి. పొడి గట్టు మీద పాయ జారదు, చక్కగా దొర్లుతుంది. అన్నీ అయ్యాక అల్లే ముందు మాత్రం పాయల మీద చిటికెడు పొడిపిండి చల్లి ఒకసారి దొర్లించండి. కాలేటప్పుడు పాయలు ఒకదానిలో ఒకటి కలిసిపోకుండా గీతలు విడివిడిగా నిలిచేది దీనివల్లే. పాయలకి నూనె రాయకండి, అల్లిక జారి విడిపోతుంది.

అల్లిక

మూడు పాయలదైతే చెప్పేదేముంది, జడ వేయడం వచ్చిన ప్రతివాళ్లకీ వచ్చు. చిన్న చిట్కా ఒక్కటే: మధ్యలోంచి మొదలుపెట్టి ఒక చివర దాకా అల్లి, తర్వాత రొట్టెను తిప్పి రెండో సగం అల్లండి. రెండు చివరలూ ఒకేలా వస్తాయి.

ఆరు పాయలది చూడటానికి కష్టంగా ఉంటుంది కానీ, గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్క వాక్యమే: రెండింటి మీదుగా, ఒకదాని కిందగా, రెండింటి మీదుగా.

ఆరు పాయల్నీ నిలువుగా పక్కపక్కన పరిచి, పైచివరల్ని కలిపి నొక్కండి. ఏదైనా బరువు పెడితే కదలకుండా ఉంటాయి. అన్నిటికన్నా కుడివైపు ఉన్న పాయను ఎత్తండి. ఎడమవైపుకి తీసుకెళ్తూ పక్కనున్న రెండింటి మీదుగా దాటించండి, మూడోదాని కిందగా దూర్చండి, మిగిలిన రెండింటి మీదుగా తీసుకెళ్లి ఎడమ చివర పెట్టండి. ఇప్పుడు కుడి చివర కొత్త పాయ ఉంది. దాన్నీ అలాగే. ప్రతిసారీ కుడి చివరదే, ప్రతిసారీ అదే దారి. ఎడమవైపు నుంచి ఎప్పుడూ తీయక్కర్లేదు.

రెండు మూడు సార్లు వేశాక అల్లిక మొత్తం ఎడమకి వాలుతున్నట్టు అనిపిస్తుంది. కంగారుపడకండి, మధ్యమధ్యలో చేత్తో తిన్నగా సర్దుతూ ఉండండి. దూర్చేటప్పుడు పాయను పైకి లేపి వేయాలి, లాగకూడదు. బిగించి లాగిన అల్లిక ఓవెన్‌లో పొంగడానికి చోటు లేక పక్కన పగులుతుంది. పాయలు అయిపోయాక చివరల్ని కలిపి నొక్కి, రెండు కొసల్నీ రొట్టె కిందికి మడిచేయండి. ఈ మడత రొట్టె బరువుతో నొక్కుకుని ఉంటుంది కాబట్టి విడిపోదు.

ఎక్కడ ఉన్నారో మర్చిపోతే అల్లింది విప్పేసి మళ్లీ మొదలుపెట్టండి. పిండి ఏమీ అనుకోదు. అయితే పిల్లలతో చేయిస్తున్నప్పుడు నాలుగు పాయలది బాగుంటుంది: కుడి చివరది ఒకదాని మీదుగా, ఒకదాని కిందగా, ఒకదాని మీదుగా.

పూత, రెండో పొంగు

బేకింగ్ పేపర్ పరిచిన ట్రే మీద రొట్టె పెట్టండి. గుడ్డులో చిటికెడు ఉప్పు వేసి గిలక్కొట్టి ఐదు నిమిషాలు ఉంచితే తీగలు లేకుండా పలచబడుతుంది. మెత్తటి బ్రష్‌తో మొదటి పూత ఇప్పుడే వేయండి. గాలికి పైన ఎండకుండా అదే కాపాడుతుంది. ఓవెన్‌లో పెట్టే ముందు రెండో పూత. ఈసారి పాయల మధ్య సందుల్లోకి కూడా బ్రష్ వెళ్లాలి, కానీ అడుగున గుడ్డు మడుగు కట్టకూడదు. కడితే అక్కడ ఆమ్లెట్ ముక్క తయారవుతుంది.

రెండో పూత తడిగా ఉండగానే గింజలు చల్లండి. యూరప్‌లో వాడే గసగసాలు నీలి నలుపు రంగువి. మనవి తెల్లవి, బంగారు రంగు రొట్టె మీద పెద్దగా కనిపించవు. ఆ నలుపు కావాలంటే నల్ల నువ్వులు వేసుకోవచ్చు. గల్ఫ్‌లో ఉండేవాళ్లకి ఒక మాట: యూఏఈ, సౌదీల్లో గసగసాల మీద నిషేధం ఉంది. ఇక్కడి నుంచి పట్టుకెళ్లే ఆలోచన పెట్టుకోకుండా నువ్వులతో సరిపెట్టుకోండి.

రెండో పొంగు ఎంతసేపు? రొట్టె పక్కన వేలితో మెల్లగా నొక్కండి. గుంట వెంటనే పైకి తన్నుకొస్తే ఇంకా కావాలి. నిదానంగా సగం పూడి ఆగితే ఓవెన్‌కి సిద్ధం. అసలు పూడకపోతే ఎక్కువైనట్టు, వెంటనే ఓవెన్‌లో పెట్టేయండి. మామూలుగా 40 నుంచి 60 నిమిషాలు, ఫ్రిజ్ పిండికి గంటన్నర.

ఓటీజీలో కాల్చడం

రొట్టె సిద్ధమవడానికి పదిహేను నిమిషాల ముందే ఓటీజీని (ఓవెన్, టోస్టర్, గ్రిల్ మూడూ కలిసిన చిన్న కరెంటు ఓవెన్) 180 డిగ్రీలకు పెట్టి వేడి చేయండి, పైరాడ్, కిందిరాడ్ రెండూ ఆన్‌లో. ఫ్యాన్ ఉంటే 165 నుంచి 170 చాలు. ట్రేని మధ్య అర కన్నా ఒక మెట్టు కింద పెట్టండి. చిన్న ఓటీజీలలో పైరాడ్ రొట్టెకి మరీ దగ్గరగా ఉంటుంది. గుడ్డు పూత, పంచదార కలిసి పైభాగం చాలా త్వరగా ముదురు రంగుకి తిరుగుతుంది. పన్నెండు పదిహేను నిమిషాలకి చూసి, మీకు నచ్చిన రంగు వచ్చేసి ఉంటే పైన ఫాయిల్ వదులుగా కప్పి కాల్చడం కొనసాగించండి. రంగు చూసి తీసేయడమే అన్నిటికన్నా మామూలుగా జరిగే పొరపాటు. పైన బంగారంలా ఉన్నా మధ్యలో పచ్చిపిండి ఉండొచ్చు.

మొత్తం 25 నుంచి 30 నిమిషాలు. రొట్టెను తిరగేసి అడుగున వేళ్లతో తట్టితే డొల్ల శబ్దం రావాలి. థర్మామీటర్ ఉంటే అన్నిటికన్నా నమ్మకం: మధ్యలో 88 నుంచి 90 డిగ్రీలు. ఇరవై లీటర్ల ఓటీజీలో రెండు రొట్టెలు పక్కపక్కన పట్టవు. మొదటిది కాలుతుండగా రెండోదాన్ని ఫ్రిజ్‌లో ఉంచండి, లేదంటే అది పొంగి పొంగి కూలబడుతుంది. మైక్రోవేవ్ కన్వెక్షన్ మోడ్‌లో 170 దగ్గర బాగానే వస్తుంది. స్టవ్ మీద కడాయిలోనో, కుక్కర్‌లోనో ప్రయత్నించేవాళ్లున్నారు కానీ పైన రంగు రాదు, జడ గీతలు పాలిపోయి ఉంటాయి. ఈ రొట్టెకి అది న్యాయం కాదు.

తీసిన వెంటనే జాలీ మీద పెట్టండి. ట్రేలోనే వదిలేస్తే అడుగు చెమ్మగిల్లుతుంది. గంట ఆగకుండా కోస్తే లోపల జిగటగా ఉంటుంది.

వచ్చింది సరిగ్గా లేకపోతే

పాయల మధ్య తెల్లగా చిరిగినట్టు విచ్చుకుంటే రెండో పొంగు చాలలేదు, లేదా అల్లిక బిగుతైంది. వెడల్పుగా చప్పబడిపోయి జడ గీతలు మాయమైతే పొంగు ఎక్కువైంది, లేదా నీళ్లు ఎక్కువయ్యాయి. వేసవిలో సాధారణంగా మొదటిదే కారణం. లోపల ఇటుకలా ఉంటే ఈస్ట్ పాతదై ఉండొచ్చు. తెరిచిన ప్యాకెట్‌ను గాలి చొరని డబ్బాలో ఫ్రీజర్‌లో పెట్టుకోండి. అడుగు మాడుతుంటే ట్రే కింద ఇంకో ఖాళీ ట్రే పెట్టండి.

పండుగ రూపాలు

సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో వచ్చే యూదుల కొత్త సంవత్సరం రోష్ హషానాకి హల్లాని గుండ్రంగా చేస్తారు. ఏడాది చక్రానికి గుర్తుగా అని ఎక్కువమంది చెబుతారు. కొత్త ఏడాది తియ్యగా ఉండాలని పిండిలో ఎండుద్రాక్ష వేస్తారు, ఉప్పుకి బదులు తేనెలో అద్దుకుంటారు. అర కిలో పిండికి 80 గ్రాముల ఎండుద్రాక్ష చాలు. పిసకడం పూర్తయ్యాకే కలపండి. పైకి పొడుచుకొచ్చినవి మాడి చేదెక్కుతాయి, వాటిని లోపలికి నొక్కేయండి.

గుండ్రటి అల్లికకి 110 గ్రాముల పాయలు నాలుగు కావాలి. రెండు అడ్డంగా, రెండు నిలువుగా, ఒకటి పైన ఒకటి కింద వచ్చేలా మధ్యలో నేయండి. నాలుగు వైపులా రెండేసి కొసలు, మొత్తం ఎనిమిది. ప్రతి జంటలోనూ కిందనుంచి వచ్చిన కొసను దాని కుడి పక్కదాని మీదుగా దాటించండి. ఒక చుట్టు పూర్తయ్యాక, ఇప్పుడు ఎడమవైపుకి అలాగే ఒక చుట్టు. కొసలు అయిపోయేదాకా దిక్కు మారుస్తూ వెళ్లి, చివరల్ని అడుగుకి మడిచేయండి. మందంగా ఉంటుంది కాబట్టి కాలడానికి ఇంకో ఐదారు నిమిషాలు పడుతుంది.

పస్కా పండుగ రోజుల్లో మాత్రం పొంగిన రొట్టె ఏదీ ఇంట్లో ఉండకూడదు, హల్లాతో సహా. ఆ పండుగ అయిన తర్వాతి సబ్బాతుకి కొన్ని ఇళ్లలో తాళంచెవి ఆకారంలో హల్లా చేసే ఆచారం ఉంది.

గుడ్డు తినని వాళ్లకి

గుడ్డు లేకపోతే హల్లా కాదని అనుకోనక్కర్లేదు. జర్మనీ యూదుల బెర్చెస్ అన్న సబ్బాతు రొట్టెలో గుడ్డు బదులు ఉడికించిన బంగాళాదుంప పడుతుంది. అర కిలో మైదాకి 120 గ్రాముల దుంపను ఉండలు లేకుండా మెదిపి, నూనె 40 గ్రాములు, పంచదార 20 గ్రాములు, ఉప్పు 10 గ్రాములు, ఈస్ట్ అంతే. నీళ్లు 200 మిల్లీలీటర్లతో మొదలుపెట్టి చేతికి సరిపోయేదాకా పెంచుకోండి. దుంపలో తడి ఎంతుందన్నదాన్ని బట్టి ఇది మారుతుంది. పైన నీళ్లు రాసి గింజలు చల్లండి. కాలిన వెంటనే పలచటి పంచదార పాకం రాస్తే మెరుపు వస్తుంది. రంగు గుడ్డు హల్లా అంత ముదురుగా రాదు, లోపల మాత్రం రెండు రోజులు మెత్తగా ఉంటుంది.

బల్ల మీద, తర్వాత రోజు

ద్రాక్షారసం మీద దీవెన, తర్వాత చేతులు కడుక్కోవడం, అప్పుడు గుడ్డ తీసి రెండు రొట్టెల్నీ కలిపి పట్టుకుని భూమి నుంచి ఆహారం పుట్టించే దేవుణ్ని స్తుతిస్తారు. ముక్కను ఉప్పులో అద్ది ఇంటివాళ్లందరికీ ఇస్తారు. కత్తితో కోసేవాళ్లున్నారు, చేత్తో తుంచేవాళ్లూ ఉన్నారు. తుంచితే పాయల వెంట పోగులు పోగులుగా విడుతుంది. బాగా పిసికిన పిండికి అదే ఆనవాలు.

మిగిలినదాన్ని ఫ్రిజ్‌లో పెట్టకండి, అక్కడ త్వరగా గట్టిపడుతుంది. గుడ్డలో చుట్టి డబ్బాలో పెడితే మర్నాటికి బాగుంటుంది. అంతకన్నా ఎక్కువ నిలవాలంటే ముక్కలు కోసి ఫ్రీజర్‌లో పెట్టి, కావలసినప్పుడు పెనం మీద వేడి చేసుకోండి. పాలు పడని రొట్టె కాబట్టి యూదుల ఇంట్లో ఇది మాంసం పూటకీ, పాల పూటకీ పనికొస్తుంది. ఆదివారం పొద్దున పాలు, గుడ్డులో ముంచి ఫ్రెంచ్ టోస్ట్ చేసుకోవడానికి రెండు రోజుల పాత హల్లాని మించింది లేదు. వేళ్ల మందాన కోయండి, పలచటి ముక్కలు పాలు పీల్చి విరిగిపోతాయి.